ఆకు డీఎన్‌ఏతో పీసీఆర్ రావడం లేదా? ముందు పెల్లెట్‌ను చూడండి

ఆకుల నుంచి డీఎన్‌ఏ తీయడానికి వాడే సీటాబ్ పద్ధతి (సీటాబ్ అనే డిటర్జెంటు ఉన్న బఫర్ ద్రావణంతో చేసేది) వరి, మొక్కజొన్న లేత ఆకులతో పెద్దగా ఇబ్బంది పెట్టదు. అదే బఫర్‌తో మామిడి, పత్తి, ద్రాక్ష ఆకులు నూరితే తిప్పలు మొదలవుతాయి. డీఎన్‌ఏలో కావలసిన ముక్కకు ఎన్నో ప్రతులు తీసే పీసీఆర్‌లో బ్యాండు (జెల్ మీద కనిపించాల్సిన గీత) రాకపోతే చాలామంది ప్రైమర్లు (ఆ ముక్క కొసలకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మారుస్తారు, ఉష్ణోగ్రతలు మారుస్తారు, ఖరీదైన ఎంజైము కొంటారు. తప్పు మాత్రం ఎక్కువసార్లు కల్వంలో ఆకు నూరేటప్పుడే జరిగిపోయి ఉంటుంది. దాని ఆనవాలు ట్యూబు అడుగున చేరిన డీఎన్‌ఏ ముద్దలో, అంటే పెల్లెట్‌లో, కనిపిస్తూనే ఉంటుంది.

పెల్లెట్ గోధుమరంగులో ఉంది

కారణం పాలీఫినాల్స్. కోసిన వంకాయ నల్లబడేది కూడా ఈ చర్యతోనే. ఆకు కణంలో ఫినాల్స్ రిక్తికలోనూ, వాటిని ఆక్సీకరించే ఎంజైము హరితరేణువులోనూ విడివిడిగా ఉంటాయి. నూరగానే రెండూ కలుస్తాయి. ఫినాల్స్ క్వినోన్లుగా మారి డీఎన్‌ఏకు అంటుకుంటాయి. అంటుకున్నాక ఆల్కహాల్‌తో ఎన్నిసార్లు కడిగినా ఆ రంగు వదలదు. అందుకే ఇక్కడ చికిత్స కన్నా నివారణే దారి.

ముదరని లేత ఆకు తీసుకోండి. ద్రవ నత్రజనిలో నూరిన పొడి బఫర్‌లో పడేదాకా కరగకూడదు. కల్వం అంచున పొడి తడిబారి రంగు మారడం కనిపిస్తే ఆ నమూనాను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి, సమయం కలిసొస్తుంది. బఫర్‌ను ముందే 65 డిగ్రీలకు వేడిచేసి ఉంచుకోండి. అందులో 2 శాతం పీవీపీ అనే పాలిమర్ ఉంటే అది ఫినాల్స్‌ను పట్టేస్తుంది. ఆక్సీకరణను అడ్డుకునే బీటా మెర్కాప్టో ఇథనాల్ మామూలుగా 0.2 శాతం వేస్తారు. మామిడి లాంటి వాటికి 1 నుంచి 2 శాతం దాకా వెళ్లవచ్చు. దాన్ని వాడబోయే ముందు, ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి. గత వారం కలిపి మూతపెట్టిన బఫర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ద్రవ నత్రజని దొరకని చోట ఆకును కోసిన వెంటనే సిలికా జెల్‌లో ఆరబెట్టి, ఎండిన ఆకునే నూరుకోవచ్చు.

పెల్లెట్ జిగటగా ఉంది, నీళ్లలో కరగడం లేదు

పిప్పెట్ ఎత్తితే తీగలా సాగుతోందంటే అవి పాలీశాకరైడ్లు (చక్కెర అణువుల పొడవాటి గొలుసులు). మొదట ఆకు తగ్గించండి: మిల్లీలీటరు బఫర్‌కు 100 మిల్లీగ్రాములు దాటనివ్వద్దు. ఎక్కువ ఆకు వేస్తే ఎక్కువ డీఎన్‌ఏ వస్తుందన్న ఆశే ఈ జిగటకు సగం కారణం.

తర్వాతిది ఉప్పు. మామూలు సీటాబ్ బఫర్‌లో ఉప్పు 1.4 మోలార్ ఉంటుంది. క్లోరోఫాం దశ అయ్యాక పైన తేలిన ద్రవానికి దాని పరిమాణంలో సగం 5 మోలార్ ఉప్పునీరు కలిపి, ఆ తర్వాత ఆల్కహాల్ పోయండి. ఉప్పు ఎక్కువగా ఉంటే పాలీశాకరైడ్లు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతాయి, డీఎన్‌ఏ బయటికొస్తుంది. ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తే తెల్లటి దారాలు కనిపిస్తాయి. వాటిని టిప్పుతో చుట్టి తీయగలిగితే సెంట్రిఫ్యూజ్ అవసరమే లేదు. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే డీఎన్‌ఏతో పాటు చెత్త కూడా దిగుతుంది. చివర్లో 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగితే ఉప్పు పోతుంది.

యంత్రంలో మంచి అంకె, జెల్‌లో మసక గీత

డీఎన్‌ఏ ఎంతుందో స్పెక్ట్రోఫోటోమీటర్ అది పీల్చే కాంతిని బట్టి చెబుతుంది. 260 నానోమీటర్ల దగ్గర డీఎన్‌ఏలాగే ఆర్‌ఎన్‌ఏ కూడా కాంతిని పీలుస్తుంది. కాబట్టి ఆ అంకెలో అధిక భాగం ఆర్‌ఎన్‌ఏదే కావచ్చు. 260, 280 నానోమీటర్ల దగ్గర పీల్చిన కాంతుల నిష్పత్తి (260/280) 1.8 ఉండాల్సింది 2 దాటితే అనుమానించాల్సిందే. ఆర్‌ఎన్‌ఏను తునకలు చేసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏజ్ ఎ వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. 260/230 బాగా తక్కువగా ఉంటే ఫినాల్స్, పాలీశాకరైడ్లు మిగిలినట్టు. అంకెకు, జెల్‌కు పొసగనప్పుడు నేను జెల్‌నే నమ్ముతాను.

గీత లేకుండా కింది దాకా చారలా పరుచుకుంటే డీఎన్‌ఏ తెగిపోయింది. ఎండలో కోసి సంచిలో తెచ్చిన ఆకు, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిన ఆకు, కణాలు పగిలాక వోర్టెక్స్ మీద పెట్టడం: వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

జెల్ బాగుంది, అయినా పీసీఆర్ రావడం లేదు

డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలుచన చేసి చూడండి. పలుచన చేశాక బ్యాండు వస్తే నిరోధకాలే (పీసీఆర్‌ను ఆపే పదార్థాలే) కారణం. ఇంకా తేల్చుకోవాలంటే, తప్పక పనిచేసే వరి డీఎన్‌ఏ పీసీఆర్‌లో మీ నమూనా ఒక మైక్రోలీటరు కలపండి. అదీ ఆగిపోతే నమూనాలో నిరోధకం ఉంది, నిరోధకాలను పట్టుకునే ప్రొటీన్ బీఎస్ఏ కలిపి చూడండి. అది మామూలుగానే వస్తే ప్రైమర్ల వైపు చూడాలి.

ప్రైమర్లను అనుమానించే ముందు హరితరేణువులోని ఆర్‌బీసీఎల్ జన్యువుతో ఒక రియాక్షన్ పెట్టండి. ఒక్కో ఆకు కణంలో ఆ జన్యువు ప్రతులు వందలు, వేలల్లో ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ కాస్తే ఉన్నా బ్యాండు వస్తుంది. అది వచ్చి, మీకు కావలసిన కేంద్రక జన్యువు రాకపోతే డీఎన్‌ఏ పరిమాణం చాలలేదు, లేదా ఆ రకం మొక్కలో ప్రైమర్ అతుక్కునే చోట వరుస మారి ఉంది.