లెవెన్త్ గ్రేడ్ పిల్లలున్న వాళ్ళకి: కాలేజీ లిస్ట్ కింది నుంచి పైకి కట్టుకోండి

మార్చి నెలాఖరు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి, ఎవరబ్బాయికి ఎక్కడొచ్చింది, ఎవరమ్మాయిని ఎక్కడ వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు అని. అది చూసి లెవెన్త్ పిల్లలున్న వాళ్ళకి కంగారు పుట్టి ఆ రాత్రే ఒక షీట్ ఓపెన్ చేస్తారు, పైన స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, కింద బర్క్‌లీ, కార్నెగీ మెలన్, జార్జియా టెక్, చివర్లో "సేఫ్టీకి" యూటీ ఆస్టిన్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్). ఆ లిస్ట్‌లో సేఫ్టీ, అంటే కచ్చితంగా సీటొచ్చే కాలేజీ, అనేదే లేదండీ. అదంతా నేల విడిచి సాము. నేను చెప్పేది దీనికి రివర్స్‌లో ఉంటుంది, ముందు కచ్చితంగా సీటొచ్చే, కచ్చితంగా మనం ఫీజు కట్టగలిగే కాలేజీలు రెండు తేల్చుకుని అప్పుడు పైకి ఎక్కడం. మేం ఉండేది ఇక్కడే కాబట్టి టెక్సాస్ ఉదాహరణలే ఎక్కువ ఇస్తున్నా, న్యూజెర్సీ వాళ్ళు మన యూటీ డాలస్ బదులు రట్‌గర్స్ అనుకుని చదువుకోండి.

మొదటి పని డబ్బు లెక్క. పిల్లల్ని పిలవకుండా అమ్మానాన్న ఇద్దరే ఒక శనివారం కూర్చుని ఏడాదికి ఎంత పెట్టగలం, 529 అకౌంట్‌లో (పిల్లల చదువుకి దాచే సేవింగ్స్ అకౌంట్) ఎంతుంది, లోన్ తీసుకుంటామా వద్దా, చిన్నవాడు కాలేజీకొచ్చే టైముకి ఎంత మిగలాలి, ఇవన్నీ మాట్లాడుకుని ఒక అంకె మీదకి రావాలి. ఆ అంకె పిల్లలకి లెవెన్త్‌లోనే చెప్పేయండి, ఏప్రిల్‌లో అడ్మిషన్ వచ్చి వాడు ఎగిరి గంతులేస్తున్నప్పుడు "అంత కట్టలేం నాన్నా" అనడం కంటే అది చాలా నయం. లెక్క స్థూలంగా ఇలా ఉంటుంది: టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఇన్‌స్టేట్ అయితే ట్యూషన్, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 30 వేల డాలర్లకి అటూ ఇటూ, యూసీలకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి, బయటి రాష్ట్రం నుంచి వెళ్తే 80 వేల చుట్టూ, యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) లాంటి ప్రైవేట్ అయితే 90 వేలు దాటేసింది. పైగా యూసీలు బయటి రాష్ట్రం పిల్లలకి ఇంటి ఆదాయం బట్టి అవసరం చూసి ఇచ్చే ఎయిడ్ దాదాపు ఇవ్వవు, కాబట్టి "ముందు రానివ్వండి, తర్వాత చూద్దాం" అనుకుంటే తర్వాత చూడ్డానికి అక్కడేం ఉండదు.

ఈ అంకెలు మీ ఇంటికి ఎంతవుతాయో తెలియాలంటే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ అని ఒకటి ఉంటుంది, ఫెడరల్ ఎయిడ్ ఇచ్చే కాలేజీలన్నీ అది పెట్టి తీరాలని 2011 నుంచి రూల్. టాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని నింపితే మీ ఇన్‌కమ్‌కి సుమారు ఎంత పడుతుందో చెప్పేస్తుంది. ఒక్కోసారి ఆశ్చర్యపోతారు కూడా. ఎంఐటీ 2025 ఫాల్ నుంచి ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న ఇళ్ళకి ట్యూషన్ లేకుండా చేసింది. అయితే ఇద్దరూ ఐటీ ఉద్యోగాలే అయితే మనవాళ్ళలో చాలామంది ఆ గీత దాటేసి ఉంటారు, అప్పుడు ఎయిడ్ రాదు, చేతిలో అంత డబ్బూ ఉండదు, మధ్యలో ఇరుక్కునేది ఈ బ్యాచే. వీళ్ళకి దారి ఇన్‌స్టేట్ లేదా మార్కులు చూసి ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్, అంతే.

హెచ్-4 వీసా (హెచ్-1బీ వాళ్ళ పిల్లలకిచ్చేది) మీద ఉన్న పిల్లల సంగతి విడిగా చెప్పాలి. వాళ్ళకి ఫెడరల్ ఎయిడ్ రాదు, కొన్ని యూనివర్సిటీలు వాళ్ళని ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తాయి, ఇంకొన్ని ఇక్కడి హైస్కూల్ పిల్లల్లాగే చూస్తాయి. ఇన్‌స్టేట్ ఫీజు విషయంలో కూడా రాష్ట్రానికో రూలు, టెక్సాస్‌లో అయితే హెచ్-4 వాళ్ళు రెసిడెన్సీ చూపించుకునే దారి ఉంది. లిస్ట్‌లో పెట్టే ముందే ప్రతి అడ్మిషన్స్ ఆఫీసుకీ ఒక ఈమెయిల్ కొట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి, ఎవరో అంకుల్ గారు చెప్పారని నమ్ముకోవద్దు.

తర్వాత పిల్లవాడి లెక్క. స్కూల్ కౌన్సిలర్ని అడిగి క్లాస్ ర్యాంక్, వెయిటెడ్ జీపీఏ (కష్టమైన క్లాసులకి ఎక్కువ పాయింట్లు కలిపేది), అన్‌వెయిటెడ్ జీపీఏ మూడూ తెచ్చుకోండి. టెక్సాస్‌లో ర్యాంక్ ఎందుకంత ముఖ్యమంటే 1997లో వచ్చిన చట్టం ప్రకారం క్లాసులో టాప్ 10 పర్సెంట్‌లో ఉన్నవాళ్ళకి స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది, అక్కడ చాలా ఏళ్ళు టాప్ 6 పర్సెంట్ ఉండేది, 2026 ఫాల్ నుంచి 5 చేశారు. ఇక్కడే చాలామంది పొరపడేది: ఆ ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గాని మేజర్‌కి, అంటే చదవాలనుకునే సబ్జెక్ట్‌కి, కాదు. టాప్ 3 పర్సెంట్‌లో ఉన్న పిల్లలకి కూడా సీఎస్ రాకుండా వేరే మేజర్ చేతిలో పెట్టి పంపిస్తారు, లోపలికెళ్ళాక మారదాం అనుకుంటే సీఎస్‌లోకి మారడం మహా కష్టం.

ఎస్ఏటీ (1600 మార్కుల అడ్మిషన్ పరీక్ష) గురించి పెద్ద రామాయణం అక్కర్లేదు, రూల్స్ మాత్రం కాలేజీకో రకంగా ఉన్నాయని గుర్తుంచుకోండి. ఎంఐటీ, జార్జియా టెక్, పర్డ్యూ, యూటీ ఆస్టిన్ స్కోర్ అడుగుతాయి. యూసీలు ఇచ్చినా చూడవు. ఇవ్వడం మీ ఇష్టం అనే కాలేజీల్లో వాళ్ళు వేసే సగటు స్కోర్లు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే తక్కువొచ్చిన వాళ్ళు పంపరు కదా.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కాలేజీ అడ్మిషన్ రేట్ అని గూగుల్‌లో కనిపించే అంకె మన పిల్లలకి ఎందుకూ పనికిరాదు. మీకు కావాల్సింది మీ మేజర్‌కి, మీ రాష్ట్రం వాళ్ళకి ఉండే రేటు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సియాటిల్ చూడండి, మొత్తం మీద 40 పర్సెంట్ అటూ ఇటూ తీసుకుంటారు, అబ్బో బాగుందే అనిపిస్తుంది, కానీ సీఎస్‌కి బయటి రాష్ట్రం నుంచి అప్లై చేస్తే 5 పర్సెంట్ కూడా లేదు. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ కూడా అంతే, మొత్తం రేటు 40కి అటూ ఇటూ, సీఎస్‌కి 10 లోపు. జార్జియా టెక్‌లో జార్జియా పిల్లలు ముగ్గురిలో ఒకరికి దగ్గరగా వస్తే బయటివాళ్ళు పదిమందిలో ఒకరు. కాబట్టి సీఎస్ అయితే ఇవన్నీ రీచ్‌లే, అంటే అందితే అదృష్టం అనుకోవాల్సినవే, పిల్లవాడికి 1580 వచ్చినా సరే రీచే.

ఈ వివరాలు పట్టుకోవడానికి కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టి వెతకండి, చాలా కాలేజీలు ఏటా పీడీఎఫ్ పెడతాయి. అందులో సీ7 అనే టేబుల్ తప్పకుండా చూడండి, ర్యాంక్, జీపీఏ, ఎస్సేలు, రికమండేషన్లు, మన ఆసక్తి, వీటిలో దేనికి ఎంత విలువిస్తారో వాళ్ళే టిక్ పెట్టి చెప్తారు. సీ9లో ఎస్ఏటీ రేంజ్ ఉంటుంది. హెచ్ సెక్షన్‌లో మెరిట్ డబ్బు ఎంతమందికి ఇచ్చారో ఉంటుంది, అక్కడ సున్నా దగ్గరగా ఉంటే ఆ కాలేజీ మెరిట్ స్కాలర్‌షిప్ మీద ఆశ వదిలేసుకోవచ్చు. వేలకి వేలు తీసుకునే కన్సల్టెంట్లలో కొందరు చూసి చెప్పేది కూడా ఈ పీడీఎఫే, కాబట్టి ముందు మీరే ఓ గంట కూర్చోండి. స్కూల్లో నావియాన్స్ గానీ స్కోయర్ గానీ (కాలేజీ అప్లికేషన్ల కోసం స్కూళ్ళు వాడే వెబ్‌సైట్లు) ఉంటే మీ స్కూల్ సీనియర్లకి ఏ జీపీఏ, ఏ స్కోరుతో ఎక్కడ సీటొచ్చిందో, ఎక్కడ రాలేదో చుక్కల్లో చూపిస్తుంది, అది ఇంకా నమ్మకమైన సమాచారం, కాకపోతే అందులో మేజర్ కనిపించదు.

ఒక అమ్మాయిని ఊహించుకుని లిస్ట్ కట్టి చూద్దాం. ఫ్రిస్కోలో పబ్లిక్ స్కూల్, టాప్ 9 పర్సెంట్, ఎస్ఏటీ 1470, గ్రీన్ కార్డ్ ఉంది, సీఎస్ కావాలి, ఇంట్లో ఏడాదికి 40 వేలు అనుకున్నారు. కింది నుంచి మొదలెడదాం. యూటీ డాలస్: టాప్ 10లో ఉంది కాబట్టి యూనివర్సిటీ సీటు గ్యారంటీ, ఆ మార్కులకి సీఎస్ కూడా భయపడక్కర్లేదు, ఇంటి నుంచి వెళ్ళొస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. మనవాళ్ళు పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు యూటీడీ అనగానే మొహం చిట్లిస్తారు గానీ, ప్లేనో, రిచర్డ్‌సన్ కంపెనీలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. రెండోది యూనివర్సిటీ ఆఫ్ అలబామా, అక్కడ జీపీఏ, ఎస్ఏటీ బట్టి ఎంత స్కాలర్‌షిప్ ఇస్తారో వెబ్‌సైట్‌లో టేబుల్ వేసి పెడతారు, ఈ అమ్మాయి స్కోరుకి అవుటాఫ్ స్టేట్ ట్యూషన్‌లో పెద్ద ముక్కే పోతుంది. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ మూడోది. ఈ మూడూ ఖాయం.

మధ్యలో టెక్సాస్ ఏ అండ్ ఎం. టాప్ 10తో యూనివర్సిటీ సీటు వస్తుంది, కానీ ఇంజనీరింగ్‌లోకి వస్తుందా అన్నది వేరే లెక్క, వచ్చినా అక్కడ అందరూ జనరల్ ఇంజనీరింగ్‌లో చేరి ఫస్టియర్ జీపీఏ బట్టి మేజర్ తెచ్చుకోవాలి, సీఎస్‌కి పోటీ ఎక్కువ. అందుకని దీన్ని సేఫ్టీలో పెట్టకూడదు. అరిజోనా స్టేట్‌లో సీటు తేలికే, మెరిట్ ఎంతిస్తారో వాళ్ళ ఎస్టిమేటర్‌లో కొట్టి చూసి 40 వేలల్లోకి వస్తేనే ఉంచుకోవాలి.

పైన యూటీ ఆస్టిన్. టాప్ 5లో లేదు, కాబట్టి సీఎస్ గట్టి రీచ్, అయినా ఇన్‌స్టేట్ ఫీజు కదా, అప్లై చేయాల్సిందే. ఫస్ట్ చాయిస్ సీఎస్ పెట్టాలా ఇన్ఫర్మాటిక్స్ పెట్టాలా అన్నది అమ్మాయిని అడిగి తేల్చాలి, ఆ సిలబస్ నచ్చితేనే సుమా, దొడ్డిదారి అనుకుని పెడితే నాలుగేళ్ళు అందులోనే ఉండాలి. పర్డ్యూ సీఎస్ రీచ్, పదేళ్ళ పైనుంచి ట్యూషన్ పెంచలేదు కాబట్టి బయటివాళ్ళకి కూడా 40 వేలు కొంచెం దాటి సరిపోతుంది, ఉంచొచ్చు. ఇల్లినాయ్ 60 వేలు దాటుతుంది, జార్జియా టెక్ 50 దాటుతుంది, ఈ ఇంటి బడ్జెట్‌కి రెండూ కొట్టేయాలి. కొట్టేసేటప్పుడు మనసు ఒప్పదు, అర్థమవుతుంది, కానీ సీటొస్తే పంపలేని కాలేజీకి ఎస్సేలు రాయించడం ఎందుకు. ఆ జాగాలో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఒప్పుకున్న ప్రైవేట్ ఒకటో రెండో పెట్టుకోవచ్చు, కల అన్నాక ఒకటి ఉండాలి కదా. మొత్తం ఎనిమిదో తొమ్మిదో అయ్యాయి, చాలు.

కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్) 20 కాలేజీల దాకా పెట్టనిస్తుంది, అందుకని 20 నింపక్కర్లేదు. ఒక్కో కాలేజీకి విడిగా సప్లిమెంట్ ఎస్సేలు ఉంటాయి, యూసీలకి వేరే అప్లికేషన్, 350 పదాల జవాబులు నాలుగు. 20 పెడితే పిల్లవాడు ట్వెల్త్‌లో ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసుల మధ్య ముప్పై నలభై ఎస్సేలు రాయాలి, పదో ఎస్సే దాటాక "మీ యూనివర్సిటీలోని వైవిధ్యం నన్ను ఆకట్టుకుంది" అనే రకం వాక్యాలే వస్తాయి, చదివేవాళ్ళకి తెలిసిపోతుంది. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఆగండి.

ఎర్లీ డెసిషన్ అంటే వస్తే వెళ్ళి తీరతామని పిల్లవాడు, పేరెంట్, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెట్టడం, ఒక్క కాలేజీకే. ఎయిడ్ సరిపోకపోతే బయటికి రావచ్చు గానీ వేరే ఆఫర్లతో పోల్చి చూసుకునే చాన్స్ పోతుంది, అందుకని డబ్బు తేలకుండా అది ముట్టుకోవద్దు. ఎర్లీ యాక్షన్‌కి, అంటే ముందే అప్లై చేసి ముందే జవాబు తెచ్చుకోవడానికి, ఆ బంధం లేదు, దొరికిన చోటల్లా వేసేయండి. యూటీ ఆస్టిన్‌కి అక్టోబర్ 15, చాలా వాటికి నవంబర్ 1. కామన్ యాప్ ఆగస్ట్ 1న తెరుచుకుంటుంది, అప్పటికి లిస్ట్ రెడీగా ఉంటే ఎండాకాలం సెలవుల్లోనే సగం ఎస్సేలు అయిపోతాయి.

లిస్ట్ ఫైనల్ చేసే ముందు కింద ఉన్న మూడు కాలేజీల పేర్లు చదివి "ఇందులో ఒక్కటే వస్తే సంతోషంగా వెళ్తావా" అని పిల్లల్నే అడగండి. మొహం మాడ్చుకుంటే అది సేఫ్టీ కాదు, ఇంకోటి వెతకాలి, లేదా ఒక శుక్రవారం తీసుకెళ్ళి క్యాంపస్ చూపించాలి, చూశాక మనసు మారిన పిల్లలు బోలెడంతమంది.

సేఫ్టీయే కదా అని దాన్ని జనవరి దాకా లాగొద్దు కూడా. ఆనర్స్ కాలేజీలు, పెద్ద స్కాలర్‌షిప్‌లు, మంచి హాస్టళ్ళు ముందొచ్చిన వాళ్ళకే పోతాయి, యూటీడీ, అలబామా లాంటి వాటికి స్కాలర్‌షిప్ డెడ్‌లైన్ అడ్మిషన్ డెడ్‌లైన్ కంటే ముందే ఉంటుంది. లిస్ట్‌లో కింద ఉన్న కాలేజీల అప్లికేషన్లే అన్నిటికంటే ముందు, సెప్టెంబర్‌లో వెళ్ళిపోవాలి.