పసివాళ్లలో ప్రజ్ఞను గుర్తించడం – 3వ పాఠం: అప్పజెప్పడం వేరు, అల్లుకుపోవడం వేరు

పోయిన పాఠంలో నోటుపుస్తకం పెట్టడం నేర్చుకున్నాం. తేదీ, బిడ్డ వయసు నెలల్లో, బిడ్డ అన్న మాట ఉన్నదున్నట్టు, దానికి ముందు ఏం జరిగిందో ఒక ముక్క. ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఆ పేజీలు ఒకసారి తిరగేయండి. "ఈరోజు భలే తెలివిగా మాట్లాడింది" లాంటి వాక్యాలుంటే కొట్టేయండి. అవి మన మురిపెం, బిడ్డ మాటలు కావు. రెండు వారాల రాతలైనా లేకపోతే ఈ పాఠాన్ని ఇంకొన్నాళ్లు పక్కన పెట్టడమే మేలు.

మన లెక్కంతా మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల గురించి. అంగన్‌వాడీలో గానీ ఎల్‌కేజీ, యూకేజీలో గానీ ఉండే వయసు.

తిరుపతిలో చుట్టాలొచ్చినప్పుడు బిడ్డను ముందు నిలబెట్టి ఏడుకొండల పేర్లు చెప్పించడం మామూలే. శేషాద్రి మొదలు వేంకటాద్రి దాకా మూడేళ్ల బిడ్డ గడగడా చెప్తే ఏకసంథాగ్రాహి అని మెచ్చుకుంటాం. అది మంచి జ్ఞాపకశక్తే, తీసిపారేయాల్సిన పని లేదు. అయితే రోజూ చెవిన పడే వరసను చాలామంది పిల్లలు అప్పజెప్తారు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. వరసలో మధ్య పేరొకటి చెప్పి "దీనికి ముందు ఏది?" అని అడగండి. ఎక్కువమంది మళ్లీ మొదటినుంచి అందుకుంటారు. అది తప్పు కాదు, ఆ వయసుకు సహజం. ఇంకో బిడ్డ ఉంటుంది. పేర్లు అప్పజెప్పకుండానే కొండవైపు చూసి "ఇక్కణ్ణుంచి చూస్తే ఒకటే కొండ కదా, మిగతా ఆరూ యాడుండాయి?" అంటుంది. విన్నదాన్ని కళ్లముందున్నదానితో సరిచూసి, రెండూ పొసగలేదని పట్టుకుంది. పుస్తకంలో రాయాల్సింది ఈ ప్రశ్న. పేర్లెన్ని చెప్పిందన్నది రాయకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు చేసి చూడాల్సిన పనులు.

మొదటిది చింతగింజలతో. పన్నెండు గింజలు చాలు. నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోని బిడ్డయితే గింజలొద్దు, నిమ్మకాయలు తీసుకోండి. ఆరు గింజలు మీరు వరసగా పేర్చండి. ఒక్కోదానికి ఎదురుగా ఒక్కోటి బిడ్డ చేతనే పెట్టించండి. పెట్టడం అయ్యాక, బిడ్డ చూస్తుండగా, మీ వరసను ఎడం చేసి పొడుగ్గా పరవండి. అప్పుడు ఒకే ఒక్కసారి అడగండి: "నా దగ్గర ఎక్కువుండాయా, నీ దగ్గరా, రెండూ సమానమా?"

నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది పొడుగు వరసలోనే ఎక్కువున్నాయంటారు. సమానమని నమ్మకంగా చెప్పడం సాధారణంగా ఆరేడేళ్లకు వస్తుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే చేసి చూపిన ప్రయోగమే ఇది. జవాబు సరిపోయిందని సంబరపడి ఆగిపోకండి. "ఎట్ల తెలిసింది?" అని అడగండి. మళ్లీ లెక్కపెట్టి ఆరూ ఆరూ అంటే బాగున్నట్టే. "నువ్వు కొత్తవి పెట్టలేదు, ఉన్నవి తియ్యలేదు కదా" అన్నా, "దగ్గరికి జరిపితే మళ్లీ ముందర మాదిరే అయిపోతాది" అన్నా, అదీ నాలుగేళ్లకే అన్నదంటే, ఆ పేజీ మూల మడిచి పెట్టుకోండి.

ఈ పని ఎక్కడ చెడుతుందంటే, రెండుసార్లు అడగడం దగ్గర. చాలామంది గింజలు జరపకముందు ఒకసారి, జరిపాక ఒకసారి అదే ప్రశ్న వేస్తారు. పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ అడిగితే తన మొదటి జవాబు తప్పేమోనని బిడ్డ మార్చేస్తుంది. తెలిసిన బిడ్డ కూడా తెలియనట్టు కనిపిస్తుంది. మీ గొంతులో ఆశ్చర్యం పలికినా ఇదే జరుగుతుంది.

రెండో పని ఐదేళ్లు దగ్గరపడుతున్న పిల్లలకు: పులిజూదం. గీతల మీద ఆడే ఆట ఇది: పులి మేక మీదుగా అవతలి ఖాళీ చోటికి దూకి దాన్ని చంపుతుంది, మేకలు పులికి దారి మూసి కట్టేస్తాయి. పూర్తి ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు ఇరవైమూడు. మొదట ఒక పులి, ఐదు మేకలతో ఎత్తులు మాత్రం నేర్పండి. చూడాల్సింది గెలుపోటములు కాదు. నియమాన్ని ఎన్నిసార్లు చెప్పాల్సివచ్చింది? అదే వయసున్న ఇంకో ముగ్గురు పిల్లలకు అదే మాటలతో నేర్పి చూడండి. పోలికకు వేరే కొలబద్ద అక్కర్లేదు. తర్వాత, బిడ్డ కాయ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుని "ఈడ పెడితే నువ్వు దూకేస్తావ్" అందా? ఒక ఎత్తు ముందు చూడగలుగుతోందన్నమాట. రెండు మేకల్ని జంటగా వెనకా ముందూ నిలిపి పులికి దారి మూసిందా? ఇక "పులికి కడుపు నిండిపోతే దూకకూడదు" అని సొంత నియమం తెచ్చే పిల్లలుంటారు. అప్పుడు ఆట ఆపకండి. ఆ నియమాన్ని తనకు నష్టమైనప్పుడు కూడా పాటిస్తుందేమో చూడండి. పాటిస్తే అది ఆలోచన, పాటించకపోతే పేచీ.

ఇంట్లో వామనగుంటల పీట ఉంటే అదీ పనికొస్తుంది. గింజలు పంచకముందే చివరి గింజ ఏ గుంటలో పడుతుందో వేలుపెట్టి చూపించే బిడ్డకు అంకెల మీద మంచి పట్టుంది.

మూడోది చదువు. బస్సు బోర్డు మీద 'తిరుపతి', 'చిత్తూరు' చదివే మూడున్నరేళ్ల పిల్లలు అక్కడక్కడా ఉంటారు. అది అక్షరాలు కూడబలుక్కుని చదవడమా, బోర్డును బొమ్మలాగా గుర్తుపట్టడమా అన్నది తేల్చుకోవాలి. అవే అక్షరాలతో అర్థం లేని మాట రాసి చూపించండి: 'పరుతి', 'రుతిప'. చదివితే కూడబలుకుతున్నట్టే. తర్వాత చీటీ మీద 'తలుపు వెనక బంతి ఉంది' అని రాసిచ్చి ఊరుకోండి. లేచి తలుపు వెనక్కి వెళ్తే చదివింది అర్థమైంది. తడుముకోకుండా చదివి కూడా కదలకుండా కూర్చుంటే, పైగా పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, మాటకు మాట కలపకపోవడం ఉంటే, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. అర్థం లేకుండా అక్షరాలు మాత్రం ముందే వచ్చేసే పరిస్థితి ఒకటుంది. దాన్ని ప్రజ్ఞ అనుకుని పొంగిపోతే అందాల్సిన సాయం ఆలస్యమవుతుంది.

మన ప్రాంతానికి సంబంధించి ఒక హెచ్చరిక. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు అన్న పిల్లలు ఎందరో. ఉర్దూ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి బిడ్డకు ఎన్ని మాటలొచ్చో ఒక్క భాషలో లెక్కేస్తే తక్కువే వస్తాయి. అన్ని భాషలవీ కలిపి చూడండి. పై పనులన్నీ బిడ్డ అవ్వతో మాట్లాడే భాషలోనే చేయించండి. బడిలో నోరు విప్పదు కాబట్టి మందమని రాసేసిన పిల్లల్లో, ఇంట్లో తమిళ అవ్వకూ తెలుగు పక్కింటావిడకూ మధ్య మాటలు మార్చి చెప్తున్నవాళ్లూ ఉండొచ్చు. నాలుగేళ్లకే ఆ పని చేస్తుంటే తప్పకుండా రాసుకోండి.

నెలల లెక్క కూడా అంతే ముఖ్యం. 36 నెలల బిడ్డా, 47 నెలల బిడ్డా ఇద్దరూ 'మూడేళ్లవాళ్లే'. పెద్దది చురుగ్గా కనిపిస్తుంది, అంతే.

ప్రజ్ఞ ఉన్న బిడ్డకు బుద్ధి ముందుంటుంది, చెయ్యి దాని వయసులోనే ఉంటుంది. గోపురాన్ని అంతస్తులతో సహా గీయాలని నాలుగేళ్ల బిడ్డ మనసులో ఉంటుంది, పెన్సిల్ మాట వినదు. కాగితం చింపేసి ఏడుస్తుంది. దీన్ని మొండితనం కింద రాయడం టీచర్లు తరచుగా చేసే పొరపాటు. అదే బిడ్డకు బంకమట్టి ఇవ్వండి, లేదా "నువ్వు చెప్పు, నేను గీస్తా" అనండి. చెప్పేదాంట్లో ఎంత వివరం ఉందో చూసి, ఆలోచనకొక గడి, చేతిపనికొక గడి విడిగా రాయండి. చెప్పినమాట వింటూ కుదురుగా కూర్చునే బిడ్డే తెలివైనదన్న అలవాటు మాత్రం మానుకోవాలి. ఆ లెక్కన ఏరితే బిడియస్తులూ అల్లరివాళ్లూ ఇద్దరూ జారిపోతారు.

ఐక్యూ పరీక్ష చేయించమంటారా అని చాలామంది అడుగుతారు. ఆరేళ్లలోపు వచ్చే అంకె నిలకడగా ఉండదు. ఈ ఏడాది వచ్చింది మరో రెండేళ్లకు బాగా మారొచ్చు. భారతీయ పిల్లల కోసం మాలిన్ తయారుచేసిన పరీక్ష కూడా ఆరేళ్లు నిండినవాళ్లకే. సగటు 100 అనుకుంటే 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు. ఇక జల్లెడ ఎంత గట్టిదైనా జారిపోయేవాళ్లుంటారు. అమెరికాలో మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ 1921లో పరీక్షపెట్టి మేధావి పిల్లల్ని ఎంచుకున్నప్పుడు విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఎంపిక కాలేదు. వాళ్లకు 1956లో, 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అమెరికా విద్యా మనస్తత్వవేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో చెప్పినట్టు సగటుకు మించిన సామర్థ్యం, కొత్తగా ఆలోచించడం, పట్టుకున్న పనిని వదలకపోవడం మూడూ కలిసిన చోట చూడాలి. మూడోది కొలవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, గడియారం చాలు: తనంతట తాను ఎంచుకున్న పనిలో, ఎవరూ పిలవకుండా, ఎన్ని నిమిషాలు ఉంది? టీవీ, ఫోను ముందు కూర్చున్న నిమిషాలు ఇందులోకి రావు.

ఈ వారం అభ్యాసం. గింజల పని ఒకరోజు, ఆట ఒకరోజు, చీటీ ఒకరోజు. ఒక్కోదానికి పది నిమిషాలు మించనివ్వద్దు. అక్షరాలింకా రాని బిడ్డకు చీటీ వదిలేసి, ఆ రోజు గడియారం పని చేయండి. ఆకలిగా, నిద్రమత్తుగా ఉన్నప్పుడు చేసినవి కొట్టేసి మళ్లీ చేయండి. "పరీక్ష" అన్న మాట బిడ్డ చెవిన పడకూడదు. ఒక్క పనిలో ఒక్కసారి మెరిసినంత మాత్రాన ఏమీ తేల్చకండి. వేరువేరు రోజుల్లో, వేరువేరు పనుల్లో, ఇద్దరు పెద్దవాళ్లు విడివిడిగా రాసుకున్నవి కలిస్తేనే ఆ పేజీకి గుర్తు పెట్టండి. వచ్చే పాఠం ఆ గుర్తుపెట్టిన పేజీలతోనే మొదలవుతుంది: అలాంటి బిడ్డకు ఏ పని ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి.