పన్ను ఊడిపడితే మొదటి గంటలో ఏం చేయాలి? ఇంటిల్లిపాది పళ్ళు ఎలా కాపాడుకోవాలి?

దెబ్బ తగిలి ఊడిన పన్ను మళ్ళీ అదే గుంటలో బతకొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది ఆ పన్నుని కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటారు, లేదా అక్కడే వదిలేసి రక్తం ఆపే హడావిడిలో పడతారు. పిల్లవాడు బడి మెట్ల మీద పడినప్పుడో, సందులో క్రికెట్ ఆడుతుంటే బంతి మూతికి తగిలినప్పుడో ఫోన్ తీసి చదివే వ్యవధి ఉండదు. అందుకే మిగతా విషయాలన్నిటికంటే దీన్ని ముందు చెబుతున్నాం.

శాశ్వత పన్ను ఊడి బయటికొస్తే

1. ముందు మనిషిని చూడండి. స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా పన్ను సంగతి తర్వాత. వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. పన్నుని వెతికి, తెల్లగా వెడల్పుగా ఉన్న వైపు పట్టుకుని తీయండి. సన్నగా, కాస్త పసుపుగా ఉండే వేరుని ముట్టుకోవద్దు. దాని మీద కంటికి ఆనని పలచని పొర ఉంటుంది. పన్ను తిరిగి అతుక్కోవాలంటే ఆ పొరలోని కణాలు బతికుండాలి. పన్ను ఎక్కడా దొరక్కపోతే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అది ఊపిరితిత్తుల్లోకి జారిందేమో ఎక్స్‌రేలో చూడాల్సి రావచ్చు.

3. పాలపన్నా, శాశ్వత పన్నా తేల్చుకోండి. ఆరేళ్ళలోపు పిల్లల ముందుపన్ను దాదాపు ఎప్పుడూ పాలపన్నే. దాన్ని తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న శాశ్వత పన్ను దెబ్బతింటుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య తికమక సహజం. కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను పెద్దదిగా, అంచు రంపంలా ఉంటుంది. ఎటూ తేలకపోతే పాలల్లో వేసి తీసుకెళ్ళండి.

4. మట్టి అంటుకుంటే చల్లటి పాలతో గానీ సెలైన్‌తో గానీ కడగండి. రెండూ లేకపోతే కుళాయి ధార కింద ఓ పది సెకన్లు చాలు. రుద్దడం, సబ్బు పెట్టడం, గుడ్డతో తుడవడం, పసుపు రాయడం ఏవీ వద్దు.

5. స్పృహలో ఉండి, మాట వినే వయసైతే అక్కడికక్కడే గుంటలో పెట్టేయండి. నోరు పుక్కిలించాక, పక్క పన్నుని చూసుకుని ముందువైపు ముందుకే ఉండేలా పెట్టి, వేలితో మెల్లగా నొక్కండి. ఆపైన మడతపెట్టిన చేతిరుమాలు కొరికి పట్టుకోమనండి.

6. పెట్టడానికి ధైర్యం చాలకపోతే గ్లాసులో చల్లటి పాలు పోసి అందులో వేయండి. విశాఖ డైరీ ప్యాకెట్ పాలు చాలు, కాచినవైతే చల్లార్చాలి, చక్కెర వేయకూడదు. పెరుగు, మజ్జిగ పులుపు కాబట్టి పనికిరావు. పాలు దొరకకపోతే ఓ చిన్న గ్లాసులో దెబ్బ తగిలినవాళ్ళ చేతే ఉమ్మి వేయించి అందులో ఉంచండి. నీళ్ళలో నానబెట్టొద్దు, నీళ్ళకి ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి.

7. దగ్గరున్న డెంటల్ క్లినిక్‌కి ముందు ఫోన్ చేసి బయలుదేరండి.

ఆఖరి మెట్టులో పొరపాటు ఎక్కువ జరుగుతుంది. విశాఖ శివార్లలో, గాజువాకలోనో పెందుర్తిలోనో దెబ్బ తగిలితే, పేరున్న ఆస్పత్రి కోసం ట్రాఫిక్‌లో నగరం దాకా వెళ్ళడం వల్ల ఉన్న సమయం కాస్తా పోతుంది. పన్ను పొడిగా గాలిలో ఉంటే గంటలో ఆ కణాలు చచ్చిపోతాయి. పావుగంటలోపు గుంటలో పెడితే ఫలితం బాగుంటుంది. కాబట్టి పేరు కన్నా దగ్గరకే విలువ ఇవ్వండి. డాక్టరు ఆ పన్నుని పక్క పళ్ళకి సన్నని తీగతో సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతారు. వేరు పూర్తిగా పెరిగిన పన్నుకి ఆ రెండు వారాల్లోనే రూట్ కెనాల్ (లోపలి నరం తీసి ఆ ఖాళీని నింపే చికిత్స) మొదలవుతుంది. చిన్నపిల్లల్లో వేరు కొస ఇంకా తెరుచుకుని ఉంటే నరం తిరిగి బతికే అవకాశం ఉంది, అందుకని కొన్నాళ్ళు గమనిస్తారు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో గుర్తుచేసుకుని చెప్పండి.

పన్ను విరిగితే ముక్కని కూడా పాలల్లోనో నీళ్ళలోనో వేసి తీసుకెళ్ళండి, చాలాసార్లు అదే ముక్కని అతికించొచ్చు. విరిగినచోట ఎర్రటి చుక్క కనిపిస్తే నరం బయటపడిందని అర్థం, ఆ రోజే చూపించాలి. పన్ను లోపలికి దిగిపోతే లాగొద్దు.

అర్ధరాత్రి నొప్పి లేస్తే

చల్లటి నీళ్ళకి జివ్వుమని, గ్లాసు దించగానే తగ్గిపోతే నరం ఇంకా బాగానే ఉందన్నమాట, ఫిల్లింగ్‌తో పోతుంది. అదే నొప్పి నిమిషాల తరబడి ఉండిపోతుంటే, వేడి కాఫీకి పెరుగుతుంటే, పడుకోగానే పోటు మొదలై నిద్ర లేపుతుంటే లోపలి నరం తిరిగి కోలుకోలేనంతగా వాచింది. ఆ దశలో రూట్ కెనాల్ చేయించాలి, లేదా పన్ను తీయించాలి.

తెల్లారేదాకా గడవడానికి: గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. పళ్ళ సందులో ఇరుక్కున్నది దారంతో మెల్లగా తీయండి. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తులో పెట్టి పడుకోండి, తలకి రక్తం తక్కువ చేరి పోటు తగ్గుతుంది. పెద్దవాళ్ళు భోంచేశాక ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దానితోపాటు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు వేసుకుంటే ఒక్కో మందు విడిగా ఇచ్చే దానికన్నా ఎక్కువ ఉపశమనం వస్తుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ జోలికి పోకుండా పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. వర్షాకాలంలో జ్వరం కూడా ఉంటే మరీ జాగ్రత్త. అది డెంగ్యూ అయితే ఐబుప్రొఫెన్ వల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

పిల్లలకి పారాసిటమాల్ సిరప్ బరువుని బట్టి ఇవ్వాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు సార్లకి మించకుండా. సీసా మీద 5 మిల్లీలీటర్లలో ఎంత మందు ఉందో చూసి లెక్కకట్టండి, 120, 250 అని రెండు రకాలూ షాపుల్లో ఉంటాయి. ఆస్పిరిన్ పిల్లలకి వద్దు. నిమెసులైడ్ అనే నొప్పి మందుని 12 ఏళ్ళలోపు పిల్లలకి వాడకుండా మన దేశంలో 2011లోనే నిషేధించారు.

లవంగ నూనె పనిచేస్తుంది, కానీ వాడే తీరు ముఖ్యం. చిన్న దూది ఉండకి ఒక్క చుక్క అద్ది, పిప్పిపన్ను గుంటలో మాత్రమే పెట్టాలి. చిగురుకి పూస్తే పొక్కుతుంది. జిల్లేడు పాలు, పొగాకు, నలిపిన ఆస్పిరిన్ బిళ్ళ పెట్టుకుని చిగుళ్ళు కాలి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి అవి వద్దు. మెడికల్ షాపులో అడిగి మూడు రోజుల యాంటీబయాటిక్ వేసుకోవడమూ అంతే. వాచిన నరానికి దానితో పనిలేదు. నొప్పి తగ్గిందంటే చాలాసార్లు నరం చచ్చిపోయిందని. కొన్ని వారాలకో నెలలకో అదే పన్ను కింద చీము పడుతుంది.

వాపు ఎప్పుడు ప్రమాదం?

బుగ్గ కొంచెం ఉబ్బితే మర్నాడు పొద్దున్నే డెంటిస్టు దగ్గరికి వెళ్ళొచ్చు. దవడ కింద, గొంతు వైపు గట్టిగా వాచినా, నాలుక పైకి లేచినట్టున్నా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, నోరు తెరుచుకోకపోయినా, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. క్లినిక్‌లు వెతక్కుండా నేరుగా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాల్టీకి వెళ్ళండి, లేదా 108 పిలవండి. వాపు మీద బయట నుంచి వేడి కాపడం పెట్టకండి, చీము చర్మం వైపు దారి చేసుకోవచ్చు.

పిల్లల పళ్ళు

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్న మాట వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి, నిజమే. కానీ పాల దవడపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళదాకా ఉండాలి. నాలుగేళ్ళకే పుచ్చిన దవడపన్నుని తీయించేస్తే, వెనకొచ్చే పెద్దపన్ను ముందుకి జరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. అసలు రావాల్సిన పన్నుకి చోటు లేక వంకర పోతుంది, తర్వాత క్లిప్పులు పెట్టించాల్సి వస్తుంది. తీయక తప్పకపోతే ఆ చోటు పోకుండా పట్టి ఉంచే చిన్న తీగ అమరుస్తారా అని అడగండి.

మొదటి పన్ను సుమారు ఆరో నెలలో కనిపిస్తుంది, అప్పటి నుంచే బ్రష్ మొదలవ్వాలి. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా వేయకూడదు, పిల్లలు చాలావరకు మింగేస్తారు. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ (పన్ను పుచ్చకుండా కాపాడే పదార్థం) ఎంతుందో చదవండి. మన దేశంలో అనుమతించిన గరిష్ఠం 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి). "పిల్లల పేస్టు" అని రాసి ఉన్నా కొన్నిటిలో అందులో సగమే ఉంటుంది, కొన్నిటిలో అసలే ఉండదు.

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా అమ్మో నాన్నో తోమాలి, వాళ్ళకి వాళ్ళు తోముకుంటే వెనక పళ్ళు అందవు. చిన్నపిల్లల్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తల మీ కడుపు వైపు ఉంచి, పై పెదవి వేలితో ఎత్తి తోమండి. అలా ఎత్తినప్పుడు పై ముందుపళ్ళ మీద చిగురు అంచున సున్నంలాంటి తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకి మొదలు. ఆ దశలో ఫ్లోరైడ్ వార్నిష్ పూయించి, తిండి మార్చితే వెనక్కి మళ్ళుతుంది. గోధుమరంగు గుంట పడ్డాక మళ్ళదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ఇదే ఎక్కువ. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాలు పై పళ్ళ మీదే నిలుస్తాయి. కింది పళ్ళని నాలుక కాపాడుతుంది. రాత్రి సీసాలో నీళ్ళు తప్ప మరేదీ పోయకండి.

ఆరేళ్ళకి ఇంకో పని ఉంది. ముందు మధ్యగీత నుంచి లెక్కపెడితే ఐదు పాలపళ్ళుంటాయి. ఆరోది కనిపిస్తే అది శాశ్వత పన్ను. ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా పట్టించుకోరు. నమలడానికి నోట్లో అంత ముఖ్యమైన పన్ను మరోటి లేదు. అది పూర్తిగా బయటికి రాగానే దాని గాడుల్లో సీలెంట్ పూత వేయించండి. సూది ఉండదు, నొప్పి ఉండదు.

మిఠాయి విషయంలో, ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. మాడుగుల హల్వా భోజనం అవ్వగానే ఒక ముక్క పెడితే పళ్ళకి జరిగేది తక్కువ. అదే ముక్కని సాయంత్రమంతా కొంచెం కొంచెం చప్పరిస్తే, తిన్న ప్రతిసారీ సుమారు అరగంటపాటు నోట్లో ఆమ్లం ఊరుతుంది. అనకాపల్లి బెల్లమైనా తేనె అయినా పంటికి చక్కెరతో సమానమే.

పెద్దవాళ్ళు తోముకోవడం

మెత్తటి బ్రష్, రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. చిగురు అంచున బ్రష్‌ని ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. అడ్డంగా బలంగా రాపాడితే పన్ను మెడ దగ్గర అరిగి గాడి పడుతుంది. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. రాత్రి తోమడం ఉదయం కన్నా ముఖ్యం. బూడిద, కచ్చిక పన్నుని అరగదీస్తాయి. వేపపుల్ల తప్పు కాదు గానీ దానిలో ఫ్లోరైడ్ లేదు, పళ్ళ సందులకీ అందదు.

స్కేలింగ్ (పళ్ళ మీద గట్టిపడ్డ గారని గీకి తీయడం) చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం ఉంది. నిజానికి పన్నుని ముందే వదులు చేసింది గార. అది పోగానే సందు బయటపడి అలా అనిపిస్తుంది. పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్నది కూడా నిజం కాదు.

పన్ను తీయించుకున్నాక దూదిని అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, పొగ తాగడం మానాలి. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు మూడు రోజులకి భరించలేని నొప్పి వస్తుంది. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు సొంతంగా ఆపకండి, పేర్లు రాసి డెంటిస్టుకి చూపించండి. షుగరు ఉన్నవాళ్ళు టిఫిన్ తిని, మందు వేసుకుని, ఉదయం పూట వెళ్ళడం మంచిది.

ఖర్చుకి జంకేవాళ్ళకి కేజీహెచ్‌లోని దంత విభాగం ఉంది. రుషికొండ దగ్గర గీతం, సంగివలస దగ్గర అనిల్ నీరుకొండ దంత కళాశాలల్లో కూడా చూస్తారు. కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఒక్కో పనికి ఎక్కువసేపు పడుతుంది, ఉదయాన్నే వెళ్ళండి.

ఇంట్లో చుట్ట అడ్డపొగ తాగే అమ్మమ్మో నాన్నమ్మో ఉంటే, వాళ్ళ నోరు నెలకోసారి మీరే టార్చి వేసి చూడండి. నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి ముందు కాలేది అంగుడి. తెల్లబడ్డ మచ్చ, ఎర్రటి చుక్కలు, మానని పుండు ఏది కనిపించినా, రెండు వారాల్లో తగ్గకపోతే చూపించాలి. నొప్పి లేదు కదా అని వాళ్ళు అంటారు, మొదట్లో నొప్పి ఉండదు. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళకి ఇంకో పరీక్ష: వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే బుగ్గల లోపల బిగుసుకుపోవడం మొదలైనట్టే. ముక్క తీసి పరీక్ష చేయాలని డెంటిస్టు అంటే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో చేయించుకోవచ్చు.