లేడిల్‌లో గ్యాస్ పట్టేముందు వెడ్జ్ పోసి పెట్టుకోండి

కరిగిన ఇనుము పట్టే లేడిల్ (పాత్ర)లోకి ఆర్గాన్ గ్యాస్ పంపి నైట్రోజన్ తీసే పని గురించి ఇది. మాది బాలానగర్‌లో చిన్న ఫౌండ్రీ, ఇనుము కరిగించి పోతలు పోస్తాం. ఐదొందల కిలోల ఇండక్షన్ ఫర్నేస్ (కరెంటు కొలిమి), ఎక్కువగా పంపు బాడీలే పోస్తాం. ఓసారి మెషినింగ్ షాపు నుంచి ఫోను: "అన్నా, మీ పోతల్లో కామాలు పడుతున్నయ్!" వెళ్లి చూస్తే నిజంగా కామాలే. పైపొర కోయగానే లోపలికి దిగిన సన్నటి వంకర పగుళ్లు. హైడ్రోజన్ అయితే గుండ్రంగా, మెరిసే పిన్‌హోల్స్ పడతాయి. ఇది నైట్రోజన్ పని.

తప్పు మాదే. స్టీల్ స్క్రాప్ పెంచి, కార్బన్ కోసం చౌకరకం పెట్రోలియం కోక్ వేశాం. నైట్రోజన్ అందులోంచే వచ్చింది. అలాగని దాన్ని పూర్తిగా తీసెయ్యాలనుకోవద్దు. గ్రే ఐరన్‌లో (కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉండే పోత ఇనుము) నైట్రోజన్ 70, 80 పీపీఎం (పదిలక్షల్లో అన్ని భాగాలు) ఉంటే గ్రాఫైట్ రేకులు పొట్టిగా, లావుగా, మొనలు మొద్దుగా తయారవుతాయి, ఇనుములో పెర్లైట్ అనే గట్టి భాగం పెరుగుతుంది, బలమూ పెరుగుతుంది. వంద దాటాకే, అందులోనూ దళసరి పోతల్లో, ఈ కామాల గొడవ.

ఎక్కువైన నైట్రోజన్ తీయాలంటే మెటల్‌లోకి ఆర్గాన్ గ్యాస్ బుడగలుగా పట్టాలి. నైట్రోజన్ గ్యాస్ చవకే. కాల్షియం కార్బైడ్ వేసి గంధకం తీసేటప్పుడు మెటల్ కలియబెట్టడానికి బాగానే పనికొస్తుంది. (అప్పుడు పైన తేలే మడ్డి, అంటే స్లాగ్‌ని మాత్రం తడినేల మీద పారబోయకండి, అసిటిలీన్ పుడుతుంది.) కానీ దాంతో నైట్రోజన్ తీయాలనుకోవడం తడిగుడ్డతో తల తుడుచుకున్నట్టే.

లేడిల్ ఎర్రబడేదాకా కాల్చండి. గ్యాస్ లైన్‌ని ముందు బయటికి ఊదనిచ్చి తేమ పోగొట్టండి. మెటల్ పడకముందే అడుగునున్న పోరస్ ప్లగ్‌కి (గ్యాస్ పంపే సన్నరంధ్రాల బిరడా) గ్యాస్ సన్నగా వదలాలి, లేకపోతే మెటల్ రంధ్రాల్లో దూరి ప్లగ్ మూసుకుపోతుంది. తర్వాత మెల్లగా పెంచండి. పాలు పొంగబోయే ముందు మీగడ ఉబ్బినట్టు పైభాగం ఉబ్బాలి, అంతే. స్లాగ్ చీలి మెటల్ బయటపడిందంటే గాలి తగిలి సిలికాన్ కాలిపోతుంది. మా లేడిల్‌లో నిమిషానికి పన్నెండు, పదిహేను డిగ్రీలు పడిపోతుంది, అందుకే 1480 డిగ్రీలకి తక్కువుంటే ట్యాప్ చేయను (ఫర్నేస్‌లోంచి లేడిల్‌లోకి వంచను), మూడు నిమిషాలకు మించి పట్టను.

అంతకు మించితే ఏమవుతుందో ఓసారి చూశాను. గ్యాస్‌కి ముందొకటి, తర్వాతొకటి చిల్ వెడ్జ్ (మెటల్ పరీక్షకి పోసే చీలలాంటి ముక్క) పోసి విరగ్గొడితే, గ్రాఫైట్ పుట్టక తెల్లగా మిగిలిన మొన నాలుగు మిల్లీమీటర్ల నుంచి ఏడుకి పెరిగింది. గ్రాఫైట్ పుట్టడానికి కావలసిన విత్తనాలు కూడా గ్యాస్‌తో పోయాయన్నమాట. ఆ మెటల్ పోస్తే అంచులు తెల్లబడి టూలు దిగదు. అందుకే ఇనాక్యులెంట్ (ఆ విత్తనాలు మళ్లీ ఇచ్చే మందు) ఎప్పుడూ గ్యాస్ తర్వాతే: ఐదొందల కిలోలకి కిలోన్నర ఫెర్రోసిలికాన్, ఎనిమిది నిమిషాల్లోపు పోత ముగించాలి. ఎస్‌జీ ఐరన్ (మెగ్నీషియంతో గ్రాఫైట్‌ని గుండ్రంగా చేసే పోత ఇనుము) అయితే మెగ్నీషియం వేయకముందే గ్యాస్ పని అయిపోవాలి, తర్వాత పడితే మెగ్నీషియం ఎగిరిపోతుంది.

ఆర్గాన్ దొరకని రోజు గ్రే ఐరన్‌లో 0.02 శాతం టైటానియం నిలిచేలా ఫెర్రోటైటానియం వేస్తా. నైట్రోజన్‌ని పట్టి కట్టేస్తుంది. కాకపోతే గట్టి కణాలు మిగిలి కోసే టూల్స్ టిప్పులు త్వరగా అరుగుతాయి. మెషినింగ్ షాపు తమ్ముడు ఇప్పుడు దానికి తిడుతున్నాడు.