ఉపగ్రహం నుంచి పైగాలుల కొలత – పాఠం 6: ఆ 360 ఎక్కడిది?

ఈ పాఠంలో, కాంతిని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపి కొలిచే ఇంటర్‌ఫెరోమీటర్ అద్దాల దగ్గరకు వెళ్లాల్సింది. వెళ్లడం లేదు. పోయిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక అడుగు ముందుకు పడదు.

లెక్క మళ్లీ చూద్దాం. ఉపగ్రహం 590 కిలోమీటర్ల ఎత్తున ఉంది. 2019 అక్టోబరులో ఎగిరి, 2022 నవంబరులో మూగబోయిన నాసా ఉపగ్రహం ఐకాన్‌నే నమూనాగా పెట్టుకున్నాం. దాని మీద గాలిని కొలిచే మైటీ పరికరం అమలాపురం పైన 100 కిలోమీటర్ల దగ్గర ఆక్సిజన్ ఇచ్చే 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగును చూస్తోంది. అక్కడ చూపు రేఖ ఈశాన్యానికి ఉంది. ఉపగ్రహ వేగంలో చూపు రేఖ వెంట పడే భాగం సెకనుకు 5000 మీటర్లు. డాప్లర్ మార్పును (కదలిక వల్ల వెలుగు తరంగదైర్ఘ్యంలో వచ్చే తేడాను) బట్టి ఆ వెలుగు సెకనుకు 4640 మీటర్ల వేగంతో దగ్గరవుతోంది. గాలి ఎంత?

4640 అని రాసినవాళ్లు ఉపగ్రహ వేగం తీసేయనే లేదు; పాఠం 4 మళ్లీ చదవండి, అంతే. ఎక్కువమంది 5000లోంచి 4640 తీసేసి రాసింది 360. యానాం నుంచి ఒకరు మాత్రం జవాబు పక్కనే "ఇంత గాలి ఉంటుందా అండీ?" అని రాశారు. ఆ అనుమానమే కావాలి. 100 కిలోమీటర్ల ఎత్తున ధ్వని వేగమే సెకనుకు 280 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గాలి వంద దాటితేనే గట్టిగా వీస్తున్నట్టు. జవాబు ధ్వనిని దాటిందంటే పెన్ను అక్కడే ఆపాలి.

సఖినేటిపల్లి పంటు ఉదాహరణ గుర్తుందిగా: ముఖానికి తగిలే గాలిలోంచి పంటు వేగం తీసేస్తే అసలు గాలి మిగులుతుంది. అక్కడ ఒడ్డు కదలదు. ఇక్కడ ఒడ్డు కూడా కదులుతోంది. ఉపగ్రహానికి సెకనుకు 7.6 కిలోమీటర్లు అని మనం రాసే వేగం నక్షత్రాలను బట్టి చెప్పేది. గాలి వేగం చెప్పేది నేలను బట్టి. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్ల చొప్పున తూర్పుకు తిరుగుతోంది. మన అక్షాంశంలో అది 446, 100 కిలోమీటర్ల పైన 453. గాలి ఏమాత్రం వీచకపోయినా అక్కడి వాయువు ఆ వేగంతో తూర్పుకు పోతూనే ఉంటుంది. ఈశాన్య రేఖ మీద దాని వాటా 453ను 0.707తో (45 డిగ్రీల కోసైన్‌తో) గుణిస్తే 320. అది ఉపగ్రహం నుంచి దూరమయ్యే దిశ. 360లోంచి 320 పోతే 40. గాలి ఈశాన్యం వైపుగా సెకనుకు 40 మీటర్లు.

నేనైతే ఇంత దూరం రాను. మొదట్లోనే ఉపగ్రహ వేగాన్ని భూమితో పాటు తిరిగే చట్రంలోకి మార్చేస్తాను. అప్పుడు 5000 కాస్తా 4680 అవుతుంది, 4640 తీసేస్తే నేరుగా 40. నేల, వాయువు, ఉపగ్రహం అన్నీ కలిసి గిర్రున తిరిగితే వాటి మధ్య దూరాలు మారవు కదా, అందుకే ఇది చెల్లుతుంది. రెండు పద్ధతులూ కలిపి వాడకండి. రాజోలు నుంచి వచ్చిన మైనస్ 280 అలా పుట్టిందే: 4680 తీసుకుని, మళ్లీ 320 తీసేశారు. గాలి వెనక్కి తిరిగిపోయింది, పైగా ధ్వని వేగంతో!

ఇంకొకరు ధవళేశ్వరానికీ అంతర్వేదికీ వేర్వేరు భూభ్రమణ వేగాలు వేసుకొచ్చారు. శ్రమ మెచ్చుకుంటాను గానీ, తేడా సెకనుకు ఒకటిన్నర మీటర్లు మించదు. పైగా స్పర్శ బిందువు (చూపు రేఖ నేలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోటు) దగ్గర 3 కిలోమీటర్ల మందం పొరలో చూపు రేఖ దాదాపు 400 కిలోమీటర్లు నడుస్తుంది. మన డెల్టా అంతా అందులో ఒక మూలకు సరిపోతుంది. "అమలాపురం మీద" అనేది మాట వరసకే.

భయపడాల్సింది గురి గురించి. చూపు పక్కకు 0.1 డిగ్రీ తప్పితే ఆ 5000లో సెకనుకు 9 మీటర్ల దాకా తేడా వస్తుంది. అసలు గాలే 40.

తరంగదైర్ఘ్యంలో లెక్క వేయడం నాకు చిరాకు. 40 మీటర్ల గాలికి మారేది 0.000074 నానోమీటర్లు, సున్నాలు లెక్కపెట్టేసరికి కళ్లు తిరుగుతాయి. ఫేజులో, అంటే తరంగం తన చక్రంలో ఎన్ని డిగ్రీలు జరిగిందో అందులో, వేయండి. ఇంటర్‌ఫెరోమీటర్‌లో రెండు కాంతి దారుల తేడా 5 సెంటీమీటర్లు అనుకుంటే, సెకనుకు 1 మీటరు గాలికి ఫేజు సుమారు 0.1 డిగ్రీ కదులుతుంది.

అభ్యాసం ఒకటే. మైటీ రెండో కన్ను వెనక్కి చూస్తూ, 8 నిమిషాల తర్వాత అదే చోటును వాయవ్య దిశగా చూసింది. చూపు రేఖ మీద ఉపగ్రహ వేగం మళ్లీ 5000, కానీ దూరమవుతూ. కొలిచిన వేగం దూరమవుతూ 4700. రెండు కొలతలూ కలిపి తూర్పు భాగం, ఉత్తర భాగం విడివిడిగా తేల్చండి. తర్వాత రెండో కన్ను గురి 0.1 డిగ్రీ తప్పిందనుకుని రెండు భాగాలూ ఎంతెంత మారతాయో చూపండి. ఈ 8 నిమిషాల్లో గాలి మారిపోయి ఉంటే మీ జవాబులో ఏ భాగాన్ని నమ్మవచ్చో రాయండి. ఉత్తర భాగం 42 దగ్గర రాకపోతే గుర్తులు చూసుకోండి: వాయవ్య రేఖ మీద భూభ్రమణం వాటా ఉపగ్రహం నుంచి దూరంగా కాదు, దాని వైపుకు.