డౌన్‌లోడ్స్ సర్దే ముందు ఇవి చూసుకోండి

ఐటీ రిటర్నులు వేసే రోజులొచ్చాయి, ఫారం 16 ఫోన్‌లో ఉందో ల్యాప్‌టాప్‌లో ఉందో తెలీక అందరం వెతుక్కునే టైమ్. ఈ ఆదివారం కూర్చుని అన్నీ గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించేద్దాం అనుకుంటున్నారా? ముందు ఇవి:

– సింక్ పెట్టిన ఫోల్డర్‌లో ఏదీ డిలీట్ చేయకండి. సింక్ అంటే ఇంకో కాపీ కాదు, ఉన్న ఫైలే అన్నిచోట్లా కనపడటం. ల్యాప్‌టాప్‌లో జాగా కోసం తీసేస్తే డ్రైవ్‌లోనూ పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. నాన్న పాస్‌బుక్ స్కాన్ నేను ఇలాగే పోగొట్టా, ఆయన అడిగి నేను వెతికేసరికి రెండు నెలలు దాటింది.

– సింక్ కాకుండా విడిగా ఎక్కించిందైతే, ఇంకో ఫోన్‌లో తెరిచి చూశాకే ఇక్కడిది తీసేయండి. నెట్ మధ్యలో ఆగి సగం ఫైళ్లే వెళ్లి ఉండొచ్చు.

– ఆఫీసు అకౌంట్‌లో సొంత కాగితాలు వద్దు. ఉద్యోగం మారితే లాగిన్ పోతుంది, అంతే సంగతులు.

– ఆధార్ ఉన్న ఫోల్డర్‌కి లింక్ ఉన్న ఎవరైనా చూసేలా షేరింగ్ పెట్టకండి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మనల్ని తెలిసినవాళ్లకి అదో లెక్కా?

– ఉచిత 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా ఉంటాయి. నిండితే మెయిల్స్ ఆగిపోతాయి, కాబట్టి ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగ్ వీడియోలు ఎక్కించకండి.

– పేర్లు ముందే మార్చండి. ‘స్కాన్ 3’ ఏంటో రేపు మీకే గుర్తుండదు.