మీటింగ్‌లో ‘ముఖ్యాంశాలు మరోసారి’ చెప్పడం ఎలా

ఆకాశవాణి వార్తలు విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. మొదట ముఖ్యాంశాలు, తర్వాత వివరాలు, ముగించే ముందు ‘ముఖ్యాంశాలు మరోసారి’. ఆ మాట వినపడగానే, మధ్యలో వేరే పనిలో పడ్డవాళ్లు కూడా చెవి ఇటు పడేస్తారు. ఆఫీసు మీటింగ్‌లో సారాంశానికి ముందు వాడే మాట చేయాల్సిన పని అదే.

తెలుగులో దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘పేమెంట్ పేజీ సమస్య ఇంకా తీరకపోవడం వల్ల, టెస్టింగ్ టీమ్ ఇంకో రెండు రోజులు అడిగింది కాబట్టి, మంగళవారం చేయాల్సిన రిలీజ్‌ని గురువారానికి మార్చాం’ అంటే, అసలు సంగతి వచ్చేసరికి వినేవాళ్ల మనసు ఎటో వెళ్లిపోయి ఉంటుంది. తిరగేసి చెప్పండి: ‘తేలింది ఏమిటంటే, రిలీజ్ గురువారం. కారణాలు రెండు.’ ‘ఏమిటంటే’ తర్వాత ఒక్క సెకను ఆగాలి. ఆగకపోతే అదీ ఒక ఊతపదంలా కొట్టుకుపోతుంది.

చర్చ మధ్యలో అయితే ‘ముందుకెళ్లే ముందు, ఇక్కడిదాకా తేలినవి ఒకసారి చెప్తాను’ సరిపోతుంది. మాట పక్కదారి పట్టినప్పుడు ‘ఇంతకీ మనం తేల్చాల్సింది...’ బాగా పనిచేస్తుంది, కానీ సాటివాళ్ల దగ్గరే. పెద్దవాళ్లతో అంటే ‘మీరు సోది చెప్తున్నారు’ అన్నట్టు తగులుతుంది. అక్కడ ‘సార్, మళ్లీ ఆ విషయానికొస్తే’ మేలు. ఎదుటివాళ్ల మాటనే కుదించి చెప్పాలంటే ‘మీరు చెప్పేదేంటంటే’ అని మొదలుపెట్టకండి, నిలదీసినట్టుంటుంది. ‘మీరన్నది సరిగ్గా పట్టుకున్నానో లేదో చెప్పండి’ అనండి.

చివర్లో ‘మొత్తం మీద’ అనొచ్చు. ‘ఒక్క ముక్కలో చెప్పాలంటే’ అంటే మాత్రం నిజంగా ఒక్క వాక్యంతో ఆపాలి. ‘ఇకపోతే’, ‘అన్నట్టు’ సారాంశానికి పనికిరావు. మొదటిది కొత్త విషయం ఎత్తుకుంటుంది, రెండోది పక్క విషయం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ‘టు సమ్మరైజ్’ చాలు. ‘ఫైనల్లీ’ అని మూడుసార్లు అనేవాళ్లను నాలుగోసారి ఎవరూ నమ్మరు.

అంశాలు ఎన్నో ముందే చెప్పండి: ‘మూడు విషయాలు.’ తర్వాత ఒకటి, రెండు, మూడు అని వేరువేరుగా పలకండి. నాలుగు దాటితే వినేవాళ్లకు గుర్తుండవు, కలపగలిగినవి కలిపేయండి. మొత్తం అరనిమిషంలో అయిపోవాలి. మూడని చెప్పి రెండింటితో ఆగిపోవడం, సారాంశం మధ్యలో అప్పటిదాకా రాని విషయం దూర్చడం తరచూ జరిగే పొరపాట్లు. కొత్త విషయం వచ్చిందంటే చర్చ మళ్లీ మొదలవుతుంది.

అసలు చిక్కు రెండు మాటల దగ్గర. ‘అనుకున్నాం’ అంటే ఆలోచించామనీ అర్థమే, నిర్ణయించామనీ అర్థమే. వారం తర్వాత ఎవరికి అనుకూలమైన అర్థం వాళ్లు తీసుకుంటారు. ‘ఖాయం చేశాం’ లేదా ‘ఇంకా తేలలేదు’ అని విడగొట్టండి. ‘చేద్దాం’ ఇంకా ప్రమాదం, అందులో అందరూ ఉంటారు కాబట్టి ఎవరూ చేయరు. ‘వెండర్‌తో మాట్లాడదాం’ కాదు, ‘వెండర్‌తో లక్ష్మి గారు బుధవారం సాయంత్రంలోగా మాట్లాడతారు.’ పని, మనిషి, గడువు మూడూ ఒకే వాక్యంలో పడాలి.

ఆన్‌లైన్ మీటింగైతే గొంతు ఆలస్యంగా చేరుతుంది, ‘ఏమిటంటే’ తర్వాత ఆగే ఆ ఒక్క సెకనును రెండు చేయండి. అవే వాక్యాలు చాట్‌లో పెట్టండి. తెలుగు రానివాళ్లు ఒక్కరున్నా సారాంశం మాత్రం ఇంగ్లీషులో మరోసారి చెప్పాలి. ‘ఓకేనా?’ అని అడిగితే అందరూ ఓకే అంటారు. ‘ఇందులో ఏది తప్పుగా చెప్పాను?’ అని అడిగి, ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఉండండి.